నాలుగు నట్లు, ఒక రాగి తపేలా

కృష్ణా కాలవల కింద తిరిగిన రెండు స్ట్రోకుల బళ్ళలో నా చేత హెడ్డు విప్పించుకోని బండి లేదు. కంకిపాడు సెంటర్లో కళ్ళు మూసుకుని నిలబడి, దాటిపోయే బండి పొగ వాసన పట్టి, పెట్రోల్లో ఆయిలు ఎక్కువ పడిందో తక్కువ పడిందో, బండి కాలవ గట్టు మీంచి వచ్చిందో తారు రోడ్డు మీంచి వచ్చిందో, హెడ్ గాస్కెట్ ఇంకెన్నాళ్ళు ఆగుతుందో చెప్పేవాణ్ణి. ఆటోనగర్లో చేయి తిరిగిన మేస్త్రీలు సైతం అంతుచిక్కని రోగం వస్తే మనిషిని పంపి నన్ను పిలిపించుకునేవాళ్ళు.

ఈ మాటలు నేను మొన్న పటమటలో మా తమ్ముడింట్లో, భోజనాల దగ్గర అన్నాను. పప్పులో నెయ్యి పడ్డాక నా నోరు నా మాట వినదు. వినేవాళ్ళంతా నలభై ఏళ్ళుగా నన్ను ఎరిగినవాళ్ళు కాబట్టి నవ్వి ఊరుకున్నారు, ఒక్క శిరీష తప్ప. శిరీష మా తమ్ముడి కూతురు. తోట్లవల్లూరు దగ్గర కరకట్ట దిగువన, సెలవు రోజుల్లో బెజవాడ జనం పిల్లలతో వచ్చి ఆడుకుని పోయే చోటొకటి నడుపుతోంది. అక్కడ ఇసుకలో తిరగడానికి లావుపాటి టైర్లతో నాలుగు చక్రాల మోటారు బళ్ళున్నాయి, ఏటీవీలంటారు. వాటిలో అన్నిటికన్నా పాతది, తను మొట్టమొదట కొన్నది, రెండు స్ట్రోకుల ఇంజనుది. దాని హెడ్డు దగ్గర కారుతోంది. బాగుచేయించబోతే, "ఇంకా రెండు స్ట్రోకులేంటి మేడమ్, ఇనప్పాతకి ఇచ్చేయండి" అన్నారట. ఆ పిల్లకి అది ఇనుము కాదు. ఆ చోటంతా అప్పు చేసి మొదలుపెట్టిన రోజుల్లో, ఒక్క మనిషీ రాని సాయంత్రాలు, ఆ బండెక్కి ఒక్కతే ఏటి ఒడ్డున తిరిగేదట.

"అయితే పెదనాన్నా, నా బండి మీరే చేసిపెట్టండి. గాస్కెట్ తెప్పించి ఉంచాను," అంది శిరీష. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. మా తమ్ముడు తల దించుకుని నవ్వాపుకుంటున్నాడు. "దానికేం భాగ్యం" అన్నాను.

ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను కాబట్టి నిజం చెబుతాను. అప్పటిదాకా నా జీవితంలో నేను బిగించిన హెడ్డు ఒకే ఒక్కటి. పొగ వాసన పట్టడం నాదే కాదు, అప్పట్లో ముక్కున్న ప్రతివాడికీ వచ్చు. ఆటోనగర్ నించి నాకోసం ఎప్పుడూ ఎవరూ రాలేదు, నేనే సామాన్లకోసం అక్కడికి వెళ్ళి, దారి తప్పి, అడిగి తెలుసుకుని వచ్చేవాణ్ణి. తర్వాత చల్లపల్లిలో ఒక సహకార సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఎరువుల బస్తాల మధ్య నా ఉద్యోగకాలమంతా గడిపాను. అయితే ఇన్ని కోతలు కోసినవాడి దగ్గర కూడా అడుగున ఒక్క నిజం ఉంటుంది. దాని మీద నిలబడే మిగతావన్నీ కోస్తాడు. ఒక మధ్యాహ్నం, ఒక బండికి, నాలుగు నట్లు నేను సరిగ్గా బిగించాను. ఆ పనిమీద ఒక పెద్దమనిషి పరువు నిలిచింది. నా చేతులతో నేను చేసినవాటిలో చెప్పుకోదగ్గది అదొక్కటే అని నమ్ముకుంటూ వచ్చాను. శిరీష బండి ఒప్పుకున్నప్పుడు నా భయం కూడా అదే. ఈ బండి కారిందంటే, ఆ పాతది కూడా నాకే అబద్ధంలా కనబడుతుందేమోనని.

అప్పుడు మేము కంకిపాడులో ఉండేవాళ్ళం. మా పెరటి గోడకి అవతల ఇన్నయ్య బాబాయి షెడ్డు, షెడ్డు వెనకే వాళ్ళిల్లు. మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు, ఉన్నదల్లా గోడరికం. గోడ మీదనించి మజ్జిగ ఇటు వచ్చేది, కరివేపాకు అటు వెళ్ళేది. క్రిస్మస్ నాడు కేకు ముక్క, మామూలు రోజుల్లో తిట్లు, రెండు వైపులా తిరిగేవి. మా నాన్న రైసుమిల్లులో లెక్కలు రాసేవాడు కాబట్టి మాకు ఊకకి కొదవ లేదు. పెరటి వసారాలో మా నాయనమ్మ ఊక పొయ్యి తెల్లవారకముందే మొదలయ్యేది. పొయ్యి మధ్యలో పొట్టి రోకలి నిలబెట్టి, దాని చుట్టూ ఊక పోసి, పిడికిలితో దట్టించి దట్టించి, చివర్లో ఊపిరి బిగబట్టి రోకలిని పైకి లాగేది. ఊక కూలకుండా నిలిచిందా, ఆ రోజంతా ఆవిడ మంచిది. కూలిందా, ఆ రోజు మా అందరికీ ఏదో ఒకటి తప్పు చేసిన ముఖాలే. పొయ్యి అంటించి, స్నానం చేసి, తడిచీరతో తులసికోట చుట్టూ తిరిగేది. సరిగ్గా అదే వేళకి అవతల ఇన్నయ్య బాబాయి షెడ్డు తలుపు తీసేవాడు. ఊక పొగా, తడి తులసీ, కాలిన ఆయిలూ కలిసిన వాసన ఒకటుంది. అది ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికితే నేను ఏ వయసులోనైనా నిద్ర లేస్తాను.

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజులవి. "చదువెటూ కదల్లేదు, చేతులన్నా కదలనీ," అని నాయనమ్మే నన్ను గోడ అవతలికి పంపింది. ఇన్నయ్య బాబాయి పొడుగ్గా, సన్నగా, మెడలో నల్లతాడుకి మరియమ్మ పతకంతో ఉండేవాడు. మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. బండి తెచ్చినవాడు రోగం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు కాదు, దాన్ని చెప్పనీ," అని కిక్కు కొట్టి తల పక్కకి వంచేవాడు. విప్పిన నట్లు కొబ్బరిచిప్పలో కిరసనాయిల్లో నానేసేవాడు. ఒక్కో బండికి ఒక్కో చిప్ప. చిప్పలు కలిపేస్తే మాత్రం మాట్లాడని మనిషి మాట్లాడేవాడు.

ఆయన కూతురు తెరేజమ్మ నాకన్నా పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగానికి రాసి, పిలుపు కోసం చూస్తూ ఉండేది. తల్లి లేని పిల్ల. తండ్రి దగ్గర పెరిగినట్టే షెడ్డులో పెరిగింది. పానా సైజు చూడకుండా చేత్తో తడిమి తీసిచ్చేది. కానీ ఎవరన్నా బండి వేసుకుని వచ్చారంటే ఆయన ఒకసారి దగ్గేవాడు, ఆ దగ్గుకి తెరేజక్క లేచి లోపలికి వెళ్ళిపోయేది. "ఆడపిల్ల చేత బండి ముట్టించానని తెలిస్తే మళ్ళీ రారమ్మా," అనేవాడు. ఆవిడ తలుపు వెనక నిలబడి నేను చేసే తప్పులకి నవ్వేది. నా చిన్నతనంలో నేను ఎక్కువగా విన్న శబ్దాల్లో ఆ నవ్వు ఒకటి.

ఆ ఏడు వానల్లో ఇన్నయ్య బాబాయి కాలవ రేవులో జారి కుడి మణికట్టు బెణికించుకున్నాడు. కట్టు కట్టించుకుని షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. చెంబు ఎత్తితేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. సరిగ్గా అప్పుడే పశువుల డాక్టరు గారి బండి వచ్చింది. అది మా ఊళ్ళో అందరికీ తెలిసిన బండి. ఏ రేయి ఏ ఊళ్ళో గేదె ఈనలేక పడినా దాని మీదే ఆయన రావాలి. దాని హెడ్డు దగ్గర కారుతోంది. సిలిండరు మీద మూతలా కూర్చునేదే హెడ్డు, ఆ రెంటి మధ్యా ఉండే పలచటి రేకు గాస్కెట్. ఆవకాయ జాడీ మూతికి కట్టే వాసెన గుడ్డ ఎలాగో, దానికది అలాగ. అది సరిగా కూర్చోకపోతే లోపలి బిగువంతా సందులోంచి పోతుంది. కిక్కు కొట్టినప్పుడల్లా పిల్లి తుమ్మినట్టు చప్పుడొస్తుంది, చుట్టూ నల్లటి జిడ్డు చెమర్చుతుంది, గట్టు ఎక్కేటప్పుడు బండి ప్రాణం పోతుంది. అంతకుముందొకసారి ఇన్నయ్య బాబాయే దాన్ని బాగుచేశాడు, బెణికిన తర్వాత, ఎడం చేత్తో. నిలవలేదు.

"ఇన్నయ్యా, నీ మీద నాకు గౌరవమేనయ్యా," అన్నారు డాక్టరు గారు, గొడుగు ముడుస్తూ. "కానీ దూడ అడ్డం తిరిగిందని కబురొస్తే నేను దారిలో బండి నెట్టుకుంటూ నిలబడ్డాను. ఆ రైతు నన్నేమనుకుంటాడు? ఈసారి కూడా కారిందంటే మాత్రం నేను ఆటోనగర్ తీసుకుపోతాను, నువ్వేమీ అనుకోవద్దు."

"అనుకునేదేముందండీ," అన్నాడు ఇన్నయ్య బాబాయి. కానీ అప్పటికే మోటారున్న ప్రతి ఇంట్లోనూ ఆటోనగర్ మాట మొదలైంది. డాక్టరు గారి బండి బెజవాడ దారి పట్టిందంటే దాని వెనకాల ఊళ్ళో బళ్ళన్నీ పడతాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు, తలుపు వెనక ఉన్న తెరేజక్కకి తెలుసు, చివరికి నాకు కూడా తెలిసింది.

కొత్త గాస్కెట్ ఒక్కటుంది. ఆ సైజు ఇంకోటి కావాలంటే మద్రాసు నించి రావాల్సిందే. హెడ్డు విప్పాం, మసి గీకాం, రేకు వేసి హెడ్డు కూర్చోబెట్టాం. ఇంక మిగిలింది నాలుగు నట్లు. ఎదురుగా డాక్టరు గారు బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. ఇన్నయ్య బాబాయి పానా నా చేతికిచ్చి, మెల్లిగా, "నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం. మూడు విడతలుగా," అన్నాడు. ఇంతలో డాక్టరు గారు ఏదో అడిగితే అటు తిరిగాడు.

ఆయన ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను. పని మొదలుపెట్టే ముందు ఏదో ఒకటి అనుకోవడం ఆయనకి అలవాటే. పెద్దాయన ప్రార్థనలో నేనెందుకు దూరడమని, ఆయన ముగించేదాకా ఆగి, భక్తిగా పని మొదలుపెట్టాను. ముందున్న నట్టు బిగించి, దాని పక్కది, దాని పక్కది, మా నాయనమ్మ తులసికోట చుట్టూ తిరిగినట్టే కుడిచేతి వైపుగా ఒక్క చుట్టులో నాలుగూ బలంకొద్దీ బిగించేశాను. ఆ కాలంలో నాకు తెలిసిన మంచి పనులన్నీ ఆ వైపుగానే తిరిగేవి మరి. ఈ కథ ఇదివరకు చెప్పినప్పుడల్లా గాస్కెట్ నాసిరకందని చెప్పేవాణ్ణి. గాస్కెట్ మంచిదే.

కారిందో లేదో చూడటానికి ఇన్నయ్య బాబాయికి ఒక పద్ధతుంది. గోడ మీదనించి మా నాయనమ్మని కుంకుడు రసం అడిగేవాడు. ఆవిడ గిన్నె అందిస్తూ, "దానిక్కూడా తలంటు పోస్తావటయ్యా ఇన్నయ్యా, ఇంక సాంబ్రాణి కూడా వేసెయ్యి," అనేది ప్రతిసారీ. ఆ రసం హెడ్డు చుట్టూ పోసి కిక్కు కొడితే, సందు ఉన్నచోట నురుగు బుడగ కడుతుంది. నేను బిగించినదానికి రసం పోసి కిక్కు కొట్టగానే, ఒక పక్కంతా నురుగు పొంగింది. డాక్టరు గారు చూసి, లేచి, "రేపు సాయంత్రం వస్తాను," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

"ఎలా తిరిగావు?" అనడిగాడు ఇన్నయ్య బాబాయి. వేలితో గాల్లో చుట్టు చుట్టి చూపించాను.

తలుపు వెనకనించి తెరేజక్క, "ప్రదక్షిణ చేశాడు నాన్నా," అని పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. నా చూపుడువేలు పట్టుకుని ఒక్కొక్క నట్టు మీదా ఆనించాడు. ట్యాంకు వైపుది నుదురు. దానికి మూలగా ఎదురుగా ఉన్నది గుండె. మిగిలిన రెండూ ఎడమ, కుడి భుజాలు. తను రోజూ వేసుకునే సిలువ గుర్తే. "ఒక పక్క నొక్కుకుంటూ పోతే రెండోపక్క లేస్తుందబ్బాయ్. ఎదురెదురుగా పోవాలి, కొంచెం కొంచెం పోవాలి. నా దగ్గర నేర్చుకున్నోళ్ళందరికీ ఇలాగే చెప్పాను. నీకిది తెలీదని నాకు తట్టలేదు, తప్పు నాదే," అన్నాడు. గోడ అవతలనించి అంతా వింటున్న నాయనమ్మ, "జాడీకి వాసెన కట్టేప్పుడు నేను చేసేదదే గదరా, ఎదురెదురు కొసలు లాగి కట్టాలి. కళ్ళెదురుగా చూస్తూ పెరిగావు," అంది. తప్పు ఎవరిదన్నా, నలిగిపోయిన గాస్కెట్ మాత్రం ఒకటే, అది నా చేతిలో ఉంది.

రాగి తపేలా కథ ఇక్కడ వస్తుంది. ఆ తపేలాని మా నాయనమ్మ చూడకుండా నేను దొంగిలించానని చాలామందికి చెప్పాను, అలా చెబితే వినేవాళ్ళు ముందుకి వంగుతారు. అసలు జరిగింది వేరు. మర్నాడు పొద్దున ఆవిడే అటక మీదనించి దాన్ని దించి, చీర చెంగుతో దుమ్ము తుడిచి, గోడ మీదనించి ఇచ్చింది. మా తాతకి నీళ్ళు కాచిన తపేలా అది, అంచు దగ్గర చిల్లిపడి మాట్లు వేసేవాడి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది. "రాగి రేకుంటే చాలన్నావటగా. అడుగు కోసుకో. పైది మాత్రం నాకు తిరిగివ్వు, అందులో మొక్క పెట్టుకుంటాను," అంది. ఇన్నయ్య బాబాయి రెండు చేతులతో అందుకున్నాడు, కట్టున్న చేత్తో కూడా. చేయి నొచ్చిందని ముఖం చెప్పింది, ఆయన చెప్పలేదు.

తపేలా అడుగు మీద పాత గాస్కెట్ పెట్టి గీత గీసి, ఉలితో కోసి, ఆకురాయితో అంచులు రుద్దాం. నేను బిగించిన బిగింపుకి హెడ్డు కూడా ఒక వైపు కాస్త లేచింది. దాన్ని చదును చెయ్యాలంటే పూర్తిగా సమంగా ఉండే బల్ల కావాలి. మా రెండిళ్ళలోనూ అంత సమంగా ఉండేది ఒకటే, తెరేజక్క ముఖం చూసుకునే అద్దం. దాన్ని గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, మీద గరుకు కాగితం పరిచి, హెడ్డుని మెల్లిగా తిప్పి తిప్పి రుద్దాం. "ఇక నేను జడేసుకునేప్పుడల్లా ఈ గీతల్లోంచి మీ డాక్టరు గారి బండి కనబడుద్ది," అని సణిగింది తెరేజక్క. అద్దం మాత్రం చివరిదాకా తనే కదలకుండా పట్టుకుంది. తర్వాత రాగి రేకుని మా ఊక పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాం. ఇనుము అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. నీళ్ళలోంచి తీస్తే గులాబి రంగులో, వేలితో వంచితే వంగేలా ఉంది.

ఈసారి నట్లు నేను బిగించాను. నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం. ముందు వేలి బలంతో, తర్వాత మణికట్టు బలంతో, చివర భుజం బలంతో. ఇన్నయ్య బాబాయి నా పక్కన పీట మీద కూర్చుని ఒక్కో నట్టుకీ పెదాలు కదిపాడు. రసం పోసి కిక్కు కొట్టాను. నాకు ఒక్క బుడగ కూడా కనబడలేదు. ఆయన తల పక్కకి వంచి విన్నాడు, తలుపు వైపు ఒకసారి చూశాడు, నా వీపు తట్టాడు. "కాసేపు నడవనిచ్చి ఆపేద్దాం. చల్లారాక ఇంకోసారి పానా వేసి చూడాలి. నువ్వెళ్ళి అన్నం తినిరా," అన్నాడు.

ఆ భోజనం నేను మర్చిపోను. రోజూ పెరటి వసారాలో, పొయ్యి పక్కనే కూర్చుని తినేవాణ్ణి. ఆ రోజు నాయనమ్మ ముందు గదిలో పీట వేసి, "పెద్దాడివయ్యావు, ఇక్కడ కూర్చో," అంది. దోసకాయ పప్పు, వంకాయ కూర, ఆవకాయ. నేను చెయ్యి కడగబోతే మళ్ళీ వడ్డించింది. మజ్జిగ కాదు, పెరుగు. పెరుగు అయ్యాక బెల్లం ముక్క. విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుని, "నిదానంగా తిను నాయనా, నిదానంగా తిను," అంటూనే ఉంది. నా జన్మలో ఎవరూ నాకంత మర్యాద చెయ్యలేదు. పని వచ్చినవాడి తిండి ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాను. తిని వెళ్ళేసరికి బండి ఆపి ఉంది. పానా వేసి చూస్తే ఏ నట్టూ వెంట్రుకవాసి కదల్లేదు. సాయంత్రం డాక్టరు గారు వచ్చి, కిక్కు కొట్టి, గట్టు ఎక్కి దిగి వచ్చారు. ఆయన ముఖం చూసి ఇన్నయ్య బాబాయి ఊపిరి వదలడం నాకు వినిపించింది. "మా రాఘవ బిగించాడండీ," అన్నాడు నా భుజం మీద చెయ్యి వేసి. తెరేజక్క లోపల వేళ్ళకి వెన్న రాసుకుంటోంది. పొయ్యి దగ్గర కాల్చుకుందేమో అనుకున్నాను, అడగలేదు. డాక్టరు గారు తర్వాతెప్పుడూ ఆటోనగర్ మాట ఎత్తలేదు. నేను మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ఉద్యోగం వచ్చేదాకా వెళుతూనే ఉన్నాను. విచిత్రమేమంటే, ఆ తర్వాత ఎన్నడూ ఆయన నా చేతికి హెడ్డు ఇవ్వలేదు. ప్లగ్గులు తుడిచాను, గొలుసులు కడిగాను, చిప్పలు కాపలా కాశాను. ఆయన మణికట్టు నయమైంది కాబట్టి అనుకున్నాను.

శిరీష బండిని ట్రాలీ ఆటోలో కంకిపాడుకి రప్పించాను. చేస్తే అక్కడే చెయ్యాలనిపించింది. తెరేజక్క ఎక్స్చేంజిలో జీవితమంతా ఊళ్ళ గొంతుల్ని ఒకదానికొకటి కలిపి, రిటైరై, ఆ ఇంట్లోనే ఉంటోంది. షెడ్డున్న చోట ఇప్పుడు గచ్చు, బట్టలుతికే మెషీను, కుండీలు. వాటిలో అడుగులేని రాగి తపేలా ఒకటి, అందులో కలబంద. మా పక్క ఇల్లు ఎప్పుడో చేతులు మారింది, గోడ ఎత్తు పెంచారు, దాని మీదనించి ఇప్పుడు ఏదీ ఇటు రాదు, అటు పోదు. శిరీష ఫోన్లో వీడియో పెట్టి బండి మీద ఆనించింది. అందులో ఎవరో దేశంకాని దేశపు కుర్రాడు నట్ల మీద తెల్ల సుద్దతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి చూపిస్తున్నాడు. చూస్తే అదే వరస. నుదురు, గుండె, ఎడమ, కుడి. ఎంత బలం చాలో చెప్పడానికి టక్కుమని మోగే పానా కూడా తెచ్చింది శిరీష. మాకు ఆ టక్కు పెదాల కదలికలో వినబడేది. ఇప్పటి పద్ధతే నయం, ప్రార్థన అనుకుని పొరబడేవాడు ఉండడు. కానీ ఫోన్లో చూసి నేర్చుకున్నవాడికి, పక్కన పీట మీద కూర్చుని ఊపిరి బిగబట్టిన మనిషి జ్ఞాపకం ఉండదు.

హెడ్డు విప్పాను, మసి తీశాను, కొత్త రేకు వేశాను. తెరేజక్క కుర్చీ వేసుకుని, కర్ర మీద గడ్డం ఆనించి చూస్తోంది. మూడు విడతలుగా బిగించాను, పానా నాలుగుచోట్లా టక్కుమంది. కుంకుడుకి బదులు శిరీష షాంపూ పొట్లం చింపి నీళ్ళలో కలిపింది. పోసి, బండి మోగించింది. నేను కళ్ళజోడు సరిచేసుకుని చుట్టూ చూశాను. ఏమీ లేదు. మెడ నిటారుగా లేచింది.

"ఒక్క బుడగ లేదు చూశావా శిరీషా. ఆ రోజూ అంతే. ఇదే చోట, ఇవే చేతులు. డాక్టరు గారు కళ్ళార్పకుండా చూశారు. ఒక్క బుడగ వస్తే ఒట్టు."

"వచ్చింది," అంది తెరేజక్క.

"ఏం వచ్చింది?"

"బుడగ. ఆ రోజు. ట్యాంకు వైపు నట్టు కింద, ఆవగింజంత. నీకు కనబడలా. దాని తుస్సు నాకు తలుపు వెనకకి వినబడింది, నాన్నకీ వినబడింది. నిన్ను అన్నానికి పంపించింది అందుకే. వేడివేడిగా ఉన్నదాన్ని విప్పి వేళ్ళు కాల్చుకున్నాను, రేకు మీ పొయ్యిలోనే మళ్ళీ కాల్చాను, నాలుగు నట్లూ నేను బిగించాను. మీ నాయనమ్మ నీకు మళ్ళీ మళ్ళీ వడ్డించింది నీ పనితనం చూసి కాదు రాఘవా. పెరట్లోకి రాకుండా ముందు గదిలో కూర్చోబెట్టింది."

శిరీష బండి ఆపేసింది. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అక్కా?" అన్నాను.

"నాన్న చెప్పొద్దన్నాడు. చెబితే రేపట్నించి వాడు రాడమ్మా అన్నాడు."

నేను శిరీష బండి వంక చూశాను. నాలుగు నట్లూ ఎండలో మెరుస్తున్నాయి. "మరి ఈ బండి?" అన్నాను.

తెరేజక్క కర్ర ఊతంగా లేచి వచ్చి, శిరీష చేత ఇంకోసారి మోగించి, హెడ్డు దగ్గర తల పక్కకి వంచింది. అచ్చం వాళ్ళ నాన్న లాగే. కాసేపు విని, నా చేతిలోంచి పానా తీసుకుంది.

"వంకాయ కూర చేశాను. లోపలికెళ్ళి అన్నం తిను," అంది. "నిదానంగా తిను."